ఒడంబడికకు ఎదురు నిలిచిన ఆటగాడు: బిల్లీ మెరెడిత్

ఒడంబడిక యనగా ఇరుపక్షములవారును తమ ఇష్టము చొప్పున చేసికొనిన కట్టుబాటు. గడువు ఉన్నంతకాలము ఉభయులును దానికి లోబడవలయును. గడువు తీరిన పిదప ఎవరి దారి వారిది. ఏడాది జీతమునకు కుదిరిన పాలేరు సైతము లెక్క చూచుకొని, ఇష్టము లేనిచో మరియొక కామందు కడకు పోవచ్చును. లోకమున అందరు నెరిగిన ఈ న్యాయము ఇంగ్లండులో వృత్తిగా ఫుట్‌బాల్ ఆడువారికి మాత్రము 1893 మొదలు 1963 వరకు, అనగా డెబ్బది సంవత్సరములు, చెల్లలేదు. ఆటగాని గడువు తీరినను అతనిపై క్లబ్బునకు గల హక్కు తీరెడిది కాదు. వేలకొలది జనులు ఎవని ఆటను చూచుటకై టిక్కెట్లు కొని వచ్చుచుండిరో, ఆ మనిషికే తన శ్రమను తనకు నచ్చినచోట అమ్ముకొను స్వేచ్ఛ లేకుండెను.

ఈ కట్టుబాటు నెదిరించి నిలిచిన తొలితరమువారిలో అగ్రగణ్యుడు విలియం మెరెడిత్. జనులు ప్రేమతో అతనిని బిల్లీ అని పిలిచిరి. మైదానపు కుడి అంచున ఆడువారిలో అతని కాలమున అతనికి సాటి లేడు. అయినను అతని జీవితము చదువదగినది ఆ నేర్పు కొరకు మాత్రమే కాదు. అతడు మచ్చలేని వీరుడు కాడు. లంచము ఇవ్వజూపెనను నింద మోసినవాడు. నిబంధనలకు విరుద్ధమైన సొమ్మును చాటుగా పుచ్చుకొనినవాడు. అట్టివాడు తన స్వంత కోపమును తనతోనే ఉంచుకొనక, అందరి హక్కు కొరకు జరుగు పోరాటముగా మార్చెను. అతని కథలోని విశేషమిదియే.

బొగ్గుగని బాలుడు

మెరెడిత్ 1874 జులై 30వ తేదీన, వేల్సు సరిహద్దుననున్న చర్క్ అను ఊరిచెంత, బ్లాక్ పార్క్ అను గని పల్లెలో జన్మించెను. ఆ ప్రాంతమున మగపిల్లవాడు పుట్టినచో వాని భవిష్యత్తు నడుగవలసిన పని లేదు. పండ్రెండేండ్లు నిండగానే గనిలోనికి దిగవలసినదే. మెరెడిత్ కూడ ఆ వయస్సుననే గనిలో పనికి కుదిరి, బొగ్గుతొట్లను లాగు పొట్టి గుఱ్ఱములను తోలుచుండెను. కుటుంబము దైవభక్తి గలది. మెథడిస్టు క్రైస్తవ శాఖకు చెందినది. కష్టించి సంపాదించిన కూడే కూడు గాని, ఆటలాడి సంపాదించినది కూడు కాదని ఆ తల్లి నమ్మకము.

అయినను ఆ ఊరిలో ఆటకు ఒక పెద్దదిక్కు ఉండెను. ఆయన బడి ప్రధానోపాధ్యాయుడైన టి. ఇ. థామస్. గనికార్మికుల బిడ్డలకు అక్షరములతోపాటు ఫుట్‌బాల్‌ను నేర్పి, చిన్న ఊరినుండి అనేకులను వేల్సు దేశపు జట్టునకు పంపిన గురువు ఆయన. ఒక ఉపాధ్యాయుని శ్రద్ధ ఒక పల్లెకు ఎంత పేరు తేగలదో చర్క్ గ్రామము చాటినది. మెరెడిత్ ఆ శిష్యులలో మేటి యయ్యెను. 1894లో చర్క్ జట్టు వేల్సు కప్పును గెలిచినపుడు అతడందులో ఉండెను.

ఆ సంవత్సరము అక్టోబరులో మాంచెస్టర్ సిటీ క్లబ్బువారు అతనిని తమ జట్టులో చేర్చుకొనిరి. కాని అతడు వెంటనే గని పనిని విడువలేదు. కొన్ని నెలలపాటు వారము దినములలో గనిలో పనిచేయుచు, ఆటనాడు రైలెక్కి పోయి ఆడి వచ్చుచుండెను. ఆట నిలుకడలేనిది, గని నిలుకడగలది అని ఇంటివారి బోధ. 1895 తొలిదినములలోగాని అతడు పూర్తిగా వృత్తి ఆటగాడు కాలేదు. ఆ సంవత్సరమే వేల్సు జట్టు పక్షమున తొలిసారి ఆడెను.

మనిషి బక్కపలుచనివాడు, కాళ్లు కొంచెము వంకరగా ఉండెడివి. ఆడునపుడు నోట ఒక పండ్లపుల్లను కొరుకుచుండుట అతని అలవాటు. పత్రికల వ్యంగ్యచిత్రములలో ఆ పుల్ల చాలును, ఆ బొమ్మ మెరెడిత్‌ది అని తెలిసికొనుటకు. బంతిని గీతవెంట తీసికొనిపోయి, ఎదుటివానిని దాటి, మూలదాక చేరి, అక్కడినుండి గోలు ముందునకు కొలిచినట్లు పంపుట అతని విద్య. ఏ ఆటకైనను ముందుగా సాధన చేయవలయునని, మద్యమునకు దూరముగా నుండవలయునని అతని నియమము.

ఒకే కొసన బిగిసిన ముడి

అతడు ప్రవేశించిన ఆ వృత్తి స్వరూపమెట్టిదో తెలిసిననేగాని తరువాతి కథ బోధపడదు. ఇంగ్లండులో ఫుట్‌బాల్ అసోసియేషన్ 1863లో ఏర్పడెను. దానిని నడిపినవారు చాలవరకు పెద్ద చదువులు చదివిన ధనిక కుటుంబములవారు. ఆట వినోదము కొరకేగాని డబ్బు కొరకు కాదని వారి మతము. అయినను కర్మాగారముల ఊళ్లలో ఆటను చూచుటకు జనము ఎగబడుటతో, 1885లో జీతమునకు ఆడుటను వారు ఒప్పుకొనక తప్పలేదు. 1888లో కొన్ని క్లబ్బులు కలిసి లీగు ఏర్పరచుకొనెను.

1893లో లీగు ఒక నిబంధన చేసినది. ప్రతి ఆటగాడును ఏటేట ఒక క్లబ్బు పేర నమోదు కావలయును. ఏడాది ఒడంబడిక తీరిన తరువాతను ఆ నమోదు క్లబ్బు చేతిలోనే ఉండును. క్లబ్బు అతనిని ఉంచుకొనదలచిన యెడల తన జాబితాలో పేరు చేర్చి, జీతమింత అని చెప్పును. ఆ జీతము నచ్చక ఆటగాడు సంతకము చేయనిచో అతనికి జీతము లేదు. లీగులోని మరియొక క్లబ్బులో ఆడుటకును వీలు లేదు. క్లబ్బునకు అతడక్కరలేనిచో అమ్మకపు జాబితాలో చేర్చి, ఇంత రుసుము అని వెల కట్టును. ఆ వెల ఇచ్చు క్లబ్బు దొరకువరకు ఆటగాడు చేతులు ముడుచుకొని కూర్చుండవలసినదే. క్లబ్బు విడువవలయుననిన విడువవచ్చును. ఆటగాడు విడువవలయుననిన వీలు లేదు. ముడి ఒకే కొసన బిగిసినది.

1901వ సంవత్సరపు ఆటల కాలమునుండి మరియొక కట్టుబాటు అమలులోనికి వచ్చినది. ఎంతటి ఆటగానికైనను వారమునకు 4 పౌండ్లకు మించి జీతమీయరాదు. గెలుపునకు బహుమానము నీయరాదు. నాటి నేర్పరియైన పనివాని వారపు కూలి సుమారు రెండు పౌండ్లు. కావున 4 పౌండ్లు తక్కువ సొమ్మా అని పెద్దలు వాదించిరి. కాని పనివాడు అరువదియేండ్ల వరకు పనిచేయగలడు. ఆటగాని కాలు ముప్పదియైదేండ్లకే సొలయును, ఒకనాటి దెబ్బతో ఇరువదియవ ఏటనే విరుగును.

ఈ కట్టుబాట్లకు క్లబ్బులవారు చెప్పు కారణమును త్రోసిపుచ్చదగినది కాదు. ఆటగాండ్రు ఇష్టము వచ్చినచోటికి పోవచ్చునన్నచో, ధనికమైన నాలుగైదు క్లబ్బులు మేటివారినందరిని కొనివేయును. చిన్న ఊళ్ల జట్లు నశించును. ఫలితము ముందే తెలిసిన ఆటను చూచుటకు ఎవరును రారు. ఈ మాటలో కొంత నిజమున్నది. అయితే పోటీ సమముగా నుండుటకు కావలసిన మూల్యమంతయు ఆటగాని ఒక్కనిచేతనే చెల్లింపజేయుట న్యాయమా అన్నది మెరెడిత్ తరమువారి ప్రశ్న.

కీర్తియు, అపకీర్తియు

1904 ఏప్రిల్ 23వ తేదీన లండనులోని క్రిస్టల్ ప్యాలెస్ మైదానమున మాంచెస్టర్ సిటీ మొదటిసారి ఇంగ్లండు కప్పును గెలిచినది. ఎదుటి జట్టు బోల్టన్ వాండరర్స్. ఆటలో ఒకే ఒక గోలు పడినది. అది నాయకుడైన మెరెడిత్ చేసినది. గనిలో గుఱ్ఱములను తోలిన పిల్లవాడు కప్పు చేతబట్టి మాంచెస్టర్ వీధులలో ఊరేగెను.

మరుసటి సంవత్సరమే ఆ కీర్తికి గ్రహణము పట్టినది. 1905 ఏప్రిల్ 29వ తేదీన సిటీ జట్టు ఆస్టన్ విల్లాతో కడపటి లీగు ఆట ఆడి 3-2 గోలులతో ఓడిపోయెను. లీగు పట్టమునకు పోటీపడుచున్న జట్టునకు ఆ ఓటమి గొడ్డలిపెట్టు. ఆటలో ఘర్షణలు జరుగుటచే విచారణ సాగినది. ఆ విచారణలో విల్లా జట్టు నాయకుడు అలెక్ లీక్, ఆటను వదలుకొనుటకు మెరెడిత్ తనకు 10 పౌండ్లు ఇవ్వజూపెనని చెప్పెను. మెరెడిత్ కాదనెను. అసోసియేషన్ నమ్మలేదు. ఆగస్టునుండి మరుసటి ఏప్రిల్ వరకు అతనిని ఆటనుండి బహిష్కరించినది.

బహిష్కృతుడైన ఆటగానికి జీతమిచ్చుట నిబంధనలకు విరుద్ధము. మెరెడిత్ క్లబ్బువారిని తన పోషణకు సొమ్మడిగెను. వారు ఈయలేదు సరికదా, అతడు డబ్బునకై పీడించుచున్నాడని అసోసియేషన్‌కు ఫిర్యాదు చేసిరి. పదకొండేండ్లు తమకు గోలులు సంపాదించి పెట్టినవానిని వారు ఆ విధముగా వదలిరి. అపుడతడు నోరు విప్పెను. లంచపు మాట తన ఒక్కని ఆలోచన కాదని, మేనేజరు టామ్ మేలీ ఎరుకతోనే జరిగినదని చెప్పెను. 4 పౌండ్ల హద్దు పేరునకేనని, 1902 నుండి తనకు వారమునకు 6 పౌండ్లు ముట్టుచున్నవని బయటపెట్టెను.

లంచమిచ్చి గెలువజూచుట ఆటకు ద్రోహము. ఎవరి ఎరుకతో జరిగినను, ఎవరి పురికొల్పుచే జరిగినను, మెరెడిత్ పేరునుండి ఆ మచ్చ పోదు. కాని ఈ సంఘటన అతనికి మరియొక సత్యమును తెలిపినది. చాటుగా చేసికొనిన ఒడంబడికకు సాక్షి లేడు, న్యాయస్థానము లేదు. అనుకూలముగా నున్నన్నాళ్లు క్లబ్బు ఇచ్చును. చిక్కు వచ్చిననాడు ఎరుగనట్లు నటించును. ఆటగాడు ఎవరికి మొరపెట్టుకొనగలడు? తాను పుచ్చుకొనినది నిషిద్ధమైన సొమ్మాయెను. చట్టమే అన్యాయమైనపుడు దానిని చాటుగా తప్పించుకొనుట తోవ కాదు, బాహాటముగా మార్పించుటయే తోవ యని అతని తరువాతి నడవడి చెప్పుచున్నది.

1906లో వెలువడిన తీర్పు మాంచెస్టర్ సిటీని కూకటివేళ్లతో కదలించినది. అధ్యక్షుడు ఫారెస్టును, మేనేజరు మేలీని అసోసియేషన్ ఆటనుండి శాశ్వతముగా వెలివేసినది. క్లబ్బునకు 250 పౌండ్ల జరిమానా పడినది. పదునేడుగురు ఆటగాండ్రను 1907 జనవరి 1 వరకు నిషేధించి, వారు మరల సిటీ పక్షమున ఆడరాదని శాసించిరి. అంతట ఆ ఆటగాండ్రను అమ్ముటకై మాంచెస్టర్‌లోని క్వీన్స్ హోటలులో ఇతర క్లబ్బులవారు సమావేశమైరి. సంతలో ఎడ్లబేరమునకును ఆ బేరమునకును భేదము స్వల్పము. మాంచెస్టర్ యునైటెడ్ మేనేజరు ఎర్నెస్ట్ మాంగ్నల్ చురుకైనవాడు. ఆయన మెరెడిత్‌ను అదివరకే తన జట్టులో చేర్చుకొనియుండెను. సాండీ టర్న్‌బుల్, హెర్బర్ట్ బర్జెస్, జిమ్మీ బానిస్టర్ అను ముగ్గురిని కూడ బేరము సాగకముందే సంపాదించెను.

1907 జనవరి 1వ తేదీన నిషేధము తీరెను. ఆనాడే యునైటెడ్ పక్షమున మెరెడిత్ మైదానమున దిగెను. ఎదుటి జట్టు ఆస్టన్ విల్లాయే యగుట విధి చమత్కారము. అతడు పంపిన బంతిని టర్న్‌బుల్ గోలు చేయగా యునైటెడ్ గెలిచినది. తరువాత ఆ జట్టు 1908లోను, 1911లోను లీగు పట్టమును, 1909లో కప్పును గెలుచుకొనెను.

సంఘ స్థాపన

యునైటెడ్ జట్టులో థామస్ బ్లాక్‌స్టాక్ అను యువకుడుండెను. 1907 ఏప్రిల్‌లో రెండవ జట్టు పక్షమున ఆడుచు, బంతిని తలతో కొట్టిన వెంటనే అతడు కుప్పకూలి మరణించెను. సహజ మరణమని విచారణలో తేల్చిరి. కుటుంబమునకు పరిహారము దక్కలేదు. అంతకుముందు 1902లో, సిటీ క్లబ్బులో మెరెడిత్‌కు తోటి ఆటగాడును తోటి వేల్సువాడును అయిన డై జోన్స్ సాధన ఆటలో మోకాలికి తగిలిన గాయము విషమించి మరణించియుండెను. గనిలో పుట్టి పెరిగినవానికి పని ప్రమాదము, పరిహారము అను మాటలు క్రొత్తవి కావు. గనిలో బండ పడి చచ్చిన పనివాని భార్యకు చట్టము కొంత ఆసరా చూపుచుండగా, మైదానమున చచ్చినవానికి ఏల చూపదు?

1907 డిసెంబరు 2వ తేదీన మాంచెస్టర్‌లోని ఇంపీరియల్ హోటలులో పలు క్లబ్బుల ఆటగాండ్రు సమావేశమైరి. అధ్యక్షత వహించినవాడు మెరెడిత్. యునైటెడ్ నాయకుడు చార్లీ రాబర్ట్స్ అతనికి కుడిభుజము. హెర్బర్ట్ బ్రూమ్‌ఫీల్డ్ కార్యదర్శి యయ్యెను. అంతకుముందు 1898లో ఒక సంఘము పుట్టి కొలదికాలములోనే అణగిపోయియుండెను. ఈసారి పుట్టిన సంఘము నిలిచినది. జీతపు హద్దును తొలగించుట, బదిలీ కట్టుబాటును మార్చుట, గాయపడినవారికిని చనిపోయినవారి కుటుంబములకును సాయపడుట దాని ముఖ్యాశయములు. మొదట అసోసియేషన్ ఈ సంఘమును గుర్తించినది. ఇది చందాలు పోగుచేసి వితంతువుల నాదుకొను ధర్మసంస్థగా నుండునని పెద్దలు తలచియుందురు.

బహిష్కృతులు

సంఘము అంతటితో ఆగలేదు. జీతపు బకాయిల కొరకు, పరిహారముల కొరకు ఆటగాండ్ర పక్షమున న్యాయస్థానములకు పోసాగెను. దేశములోని కార్మిక సంఘముల సమాఖ్యలో చేరుటకు పూనుకొనెను. ఆటను నడుపు పెద్దలకు ఇది మింగుడుపడలేదు. ఫుట్‌బాల్ ఆటగాడు బొగ్గుగని పనివానితోను, రైల్వే కూలీతోను చేయి కలుపుటయా? రేపు వారు సమ్మె చేసినచో వీరును ఆట మానుదురా? 1909లో అసోసియేషన్ సంఘమునకిచ్చిన గుర్తింపును ఉపసంహరించెను. జులై 1వ తేదీలోగా ప్రతి ఆటగాడును సంఘమునకు రాజీనామా ఇచ్చినట్లు సంతకము చేయవలయును. చేయనివాడు ఆటకు అనర్హుడు అని ఉత్తరువు వెలువడెను.

ఆటగాండ్రలో అనేకులు పిల్లలుగలవారు. వేసవి జీతము పోయినచో పొయ్యిలో పిల్లి లేవదు. ఒకరి వెంట ఒకరు సంతకములు చేసిరి. మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాండ్రు మాత్రము చేయలేదు. ఏప్రిల్‌లో కప్పును గెలిచిన జట్టు, జులైలో జీతములేని జట్టయ్యెను. క్లబ్బు మైదానమున సాధనకు వీలులేకపోగా వారు ఫాలోఫీల్డునందలి మరియొక మైదానమున సాధన చేసిరి. ఒకనాడు అచట ఫోటో తీయించుకొనుచు, తమకు బహిష్కృతుల క్లబ్బు అని పేరు పెట్టుకొని, ఆ పేరును పలకపై వ్రాసి నాయకుడు రాబర్ట్స్ ముందు నిలిపిరి. ఆ ఫోటో పత్రికలకెక్కి, శిక్షగా ఇచ్చిన పేరు బిరుదుగా మారినది.

యునైటెడ్ బయట ధైర్యముగా నిలిచినవారిలో ఎవర్టన్ ఆటగాడు టిమ్ కోల్‌మన్ ముఖ్యుడు. అతనిని చూచి ఇతరులును మరల సంఘమువైపు మొగ్గసాగిరి. సెప్టెంబరు 1న ఆటల కాలము ఆరంభము కావలసియున్నది. కప్పు గెలిచిన జట్టే లేకుండ లీగు ఎట్లు మొదలిడును? చివరకు ఆగస్టు 31వ తేదీన అసోసియేషన్ రాజీకి వచ్చినది. సంఘమునకు గుర్తింపు దక్కెను. బహిష్కృతులు మరల ఆటకు అర్హులైరి. కాని కార్మిక సమాఖ్యతో బంధమును తెంచుకొనవలయునను ఒత్తిడికి సంఘము తరువాత తలయొగ్గెను. జీతపు హద్దు పోలేదు. బదిలీ కట్టు సడలలేదు. మెరెడిత్‌కు ఈ రాజీ రుచింపలేదు. కలసి నిలిచియున్నచో అంతయు గెలిచెడివారమని, తోటివారి పిరికితనమే కొంప ముంచినదని అతని బాధ. దినకూలిపై బ్రదుకువానికి భయము సహజమే. అయినను ఆ వేసవిలో ఒక్క జట్టు నిలువబట్టియే సంఘము బ్రతికినది.

న్యాయస్థానమున

ఆ దినములలోనే ఒక మేలు జరిగినది. క్రిస్టల్ ప్యాలెస్ క్లబ్బుపై వాకర్ అను ఆటగాడు తెచ్చిన వ్యాజ్యములో, జీతమునకు ఆడువాడును చట్టము దృష్టిలో పనివాడేనని, ప్రమాద పరిహార చట్టము అతనికిని వర్తించునని అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పెను. బ్లాక్‌స్టాక్ కుటుంబమునకు దొరకనిది ఇకపై వచ్చువారికి దొరకుటకు దారి ఏర్పడెను.

బదిలీ కట్టుబాటుపై పోరు మాత్రము ఇంత తేలికగా సాగలేదు. హారీ కింగబీ అను ఆటగానిని 1906లో ఆస్టన్ విల్లా 300 పౌండ్లకు కొని, నాలుగు ఆటలు మాత్రమే ఆడించినది. పిదప అతడు లీగునకు వెలుపలి క్లబ్బులలో ఆడుచుండెను. అచట లీగు నమోదు అడ్డురాదు. కాని 1910లో లీగును, దక్షిణ ప్రాంతపు లీగును ఒకరి నమోదులను మరియొకరు మన్నించునట్లు ఒప్పందము చేసికొనినవి. ఉన్న ఒక్క కిటికీ కూడ మూతపడినది. కింగబీ మరియొక క్లబ్బునకు పోవలయునన్నచో విల్లాకు 350 పౌండ్లు ముట్టవలయును. అంత సొమ్ము అతని కొరకు ఇచ్చువారు లేరు. అతని బ్రతుకుతెరువు ఆగిపోయినది.

సంఘము 1912లో ఈ వ్యాజ్యమును నడిపినది. అయితే వాదన తప్పుదారిన సాగినది. బదిలీ కట్టుబాటే మనిషి జీవనోపాధికి అక్రమమైన అడ్డంకి యని వాదింపవలసియుండగా, ఆటగాని న్యాయవాదులు విల్లాకు ద్వేషబుద్ధి ఉన్నదని వాదించిరి. ద్వేషము ఋజువు కాలేదు, వ్యాజ్యము వీగిపోయెను. ఖర్చుల భారముచే సంఘము దివాలా అంచునకు చేరెను. సరియైన ప్రశ్న అడుగనందున సరియైన జవాబు రావలసి ఇంకను అర్ధ శతాబ్దము పట్టినది.

ఎడతెగని ఆట

1914లో ప్రపంచ యుద్ధము మొదలయ్యెను. 1915లో లీగు నిలిచిపోవునని తెలిసినపుడు ఆటగాండ్ర జీతములకు ఎసరు వచ్చినది. ఆ ఏప్రిల్‌లో యునైటెడ్, లివర్‌పూల్ జట్ల నడుమ జరిగిన ఆట ముందుగా కుదుర్చుకొనిన ఫలితము చొప్పున సాగినదని తేలి, ఏడుగురు శాశ్వతముగా వెలివేయబడిరి. వారిలో మెరెడిత్ చిరకాల మిత్రుడు టర్న్‌బుల్ ఒకడు. మెరెడిత్ ఆ ఆటలో ఉండియు దోషి కాలేదు. తనకు ఎవరును బంతి పంపకుండుట చూచి అతడు శంకించెనని చెప్పుదురు. పదేండ్ల క్రితము తాను మోసిన నింద ఎట్టిదో మరచియుండడు. టర్న్‌బుల్ సైన్యమున చేరి 1917 మే నెలలో ఫ్రాన్సునందు మరణించెను.

యుద్ధానంతరము మెరెడిత్ మరల ఆడెను. 1920 మార్చి 15వ తేదీన లండనులో వేల్సు జట్టు ఇంగ్లండును 2-1 గోలులతో ఓడించినది. 1895 నుండి అతడు వేచియున్న గెలుపది. ఇరుదేశముల అధికారిక పోటీలలో అతడెన్నడును అంతకుముందు ఇంగ్లండుపై గెలిచి ఎరుగడు. నలుబదియైదేండ్ల వయస్సున, తన 48వ అంతర్జాతీయ పోటీలో, అదే ఆఖరి పోటీలో, ఆ కోరిక తీరెను.

1921లో అతడు యునైటెడ్‌ను వీడి మాంచెస్టర్ సిటీకి తిరిగి వచ్చెను. ఈసారి బదిలీకి రుసుము లేదు. మనిషిని వెల కట్టి అమ్మరాదని పదునాలుగేండ్లు వాదించినవాడు, తన విషయమునందైనను ఆ మాటను చెల్లించుకొనెను. 1924 మార్చి 29వ తేదీన కప్పు సెమీఫైనల్‌లో న్యూకాసిల్ జట్టుపై అతడు కడపటి పర్యాయము పోటీలో ఆడెను. అప్పటికతని వయస్సు నలుబదితొమ్మిదేండ్ల ఎనిమిది నెలలు. సిటీ ఓడినది. అతడు మైదానము వీడెను.

తీరిన ఋణము

మెరెడిత్ 1958 ఏప్రిల్ 19వ తేదీన మాంచెస్టర్‌లో మరణించెను. అప్పటికి యునైటెడ్ యువజట్టును బలిగొన్న మ్యూనిక్ విమాన ప్రమాదము జరిగి రెండున్నర నెలలు కాలేదు. ఊరు ఆ పెనువిషాదమున మునిగియుండగా ఈ ముదుసలి మరణము పెద్దగా ఎవరి చెవినిబడలేదు. అతనిని పాతిన చోట పేరు చెక్కిన రాయియైనను చాలకాలము లేకుండెను.

అతడు అధ్యక్షత వహించి నెలకొల్పిన సంఘము ఆ సంవత్సరముననే వృత్తి ఫుట్‌బాలర్ల అసోసియేషన్ అని పేరు మార్చుకొనెను. జిమ్మీ హిల్ నాయకత్వమున అది సమ్మెకు సిద్ధపడగా, 1961 జనవరిలో జీతపు హద్దు రద్దయ్యెను. అప్పటి హద్దు వారమునకు 20 పౌండ్లు. 1963లో జార్జ్ ఈస్ట్‌హామ్ అను ఆటగాడు న్యూకాసిల్ క్లబ్బుపై తెచ్చిన వ్యాజ్యములో జస్టిస్ విల్బర్‌ఫోర్స్ తీర్పు చెప్పెను. గడువు తీరిన ఆటగానిని బలవంతముగా నిలుపుకొను కట్టుబాటు మనిషి వృత్తి స్వాతంత్ర్యమునకు అనుచితమైన అడ్డంకి యని అది తేల్చినది. 1912లో కింగబీ న్యాయవాదులు అడుగక విడిచిన ప్రశ్నకే అది జవాబు. 1995 డిసెంబరు 15వ తేదీన ఐరోపా న్యాయస్థానము బాస్మన్ వ్యాజ్యములో మరియొక అడుగు వేసినది. ఐరోపా సమాఖ్య పౌరుడైన ఆటగాడు, గడువు తీరిన పిదప, రుసుము లేకయే సమాఖ్యలోని మరియొక దేశపు క్లబ్బునకు పోవచ్చునని తీర్పు చెప్పినది.

2001లో ఆటగాండ్ర సంఘము, వేల్సు ఫుట్‌బాల్ అసోసియేషన్, మాంచెస్టర్‌లోని ఆ రెండు క్లబ్బులు కలసి అతని సమాధికి రాయి నిలిపినవి. ఒకనాడు అతనిని విడనాడిన క్లబ్బును, ఒకనాడు అతనికి ఆశ్రయమిచ్చిన క్లబ్బును ఆ ఖర్చును పంచుకొనినవి.

మెరెడిత్ జీవితకాలమున అతడు కోరినది ఏదియు పూర్తిగా నెరవేరలేదు. జీతపు హద్దు అతని మరణానంతరము మూడేండ్లకు గాని పోలేదు. బదిలీ కట్టు ఐదేండ్లకు గాని సడలలేదు. అయినను 1909 వేసవిలో ఆ కొలదిమందియు సంతకము చేసియున్నచో, 1961 నాటికి పోరాడుటకు సంఘమే ఉండెడిది కాదు. తప్పు చేసి శిక్ష అనుభవించినవాడు రెండు విధముల మారవచ్చును: తన తప్పును ఇతరులపై వేసి కక్షతో బ్రదుకవచ్చును, లేదా తనను తప్పునకు ఈడ్చిన కట్టుబాటునే మార్చుటకు పూనుకొనవచ్చును. మెరెడిత్ మొదట మొదటిది చేసెను, పిదప రెండవది చేసెను. గని పల్లెనుండి వచ్చిన ఆ మనిషి ఆటయును పనియేనని, పనివాడు ఆటగాడైనను మనిషియేనని తన తరమునకు నేర్పెను.